ఓటీపీ చెప్పేశారు, సర్టిఫికెట్లు ఇచ్చేశారు: చెల్లి డిగ్రీ సీటు సంగతేంటి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. బీసీలం. నాన్నకు రెండున్నర ఎకరాలు ఉంది. నేను హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌ని, ముగ్గురం కలిసి ఒక రూమ్‌లో ఉంటున్నాం. మా చెల్లి గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో బైపీసీ చదివి 812 మార్కులు తెచ్చుకుంది. నీట్ కూడా రాసింది కానీ, కీ చూసుకుంటే సీటు వచ్చేలా లేదు. పోయిన వారం దగ్గర్లోని టౌన్ నుంచి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పీఆర్వో మా ఇంటికొచ్చాడు. ఫీజు కట్టక్కర్లేదని, కాలేజీ బస్సు ఫ్రీ అని, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో పెట్టే దోస్త్ దరఖాస్తు పని మొత్తం తామే చూసుకుంటామని చెప్పి టెన్త్ మెమో, టీసీ ఒరిజినల్స్ తీసుకెళ్లాడు. నాన్న ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా చెప్పించుకున్నాడట. చెల్లేమో నల్గొండలో గవర్నమెంట్ మహిళా కాలేజీ అంటోంది. మేనమామ హైదరాబాద్ కోఠీలోని మహిళా కాలేజీకి పంపమంటున్నాడు. డిగ్రీతో ఏమొస్తుంది, నర్సింగో ఫార్మసీయో చేయించండి అనేవాళ్లూ ఉన్నారు. పైగా చెల్లి టెన్త్ మెమోలో ఇంటిపేరుంది, ఆధార్‌లో లేదు. ఏ కాలేజీ మంచిది? ఏమేం కాగితాలు కావాలి? – ఒక అన్న

జవాబు: తమ్ముడూ, ఏ కాలేజీ మంచిది అన్నది రెండో ప్రశ్న. మీ నాన్న చెప్పిన ఓటీపీతో ఏం చేశారన్నది మొదటిది. దాని సంగతి ఇవాళో రేపో తేలకపోతే కాలేజీ గురించి నేనెంత చెప్పినా లాభం లేదు.

దోస్త్ 2016 నుంచి నడుస్తోంది. ఉస్మానియా, కాకతీయ, మీ జిల్లాలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ అందులోనే భర్తీ అవుతాయి. మొదటి విడతలో 200 రూపాయలు కట్టి రిజిస్టర్ అయితే ఒక ఐడీ, ఒక పిన్ వస్తాయి. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో ఒకటి, రెండు, మూడు అంటూ వరసలో ఇవ్వాలి, ఎన్నైనా ఇవ్వచ్చు. మార్కులు, రిజర్వేషన్ చూసి, ఆ వరసలో పైనుంచి కిందికి ఎక్కడ సీటు దొరికితే అక్కడ కేటాయిస్తారు. అంటే మీ చెల్లి తలరాత కాలేజీ గేటు దగ్గర కాదు, ఆ ఆప్షన్ల పేజీలో రాస్తారు.

పీఆర్వోకి కావలసింది ఆ పేజీయే. "దోస్త్ మేమే చూసుకుంటాం" అంటే చాలాసార్లు జరిగేది ఒక్కటే: ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ చేసేస్తారు. ఇక 812 మార్కులున్నా ఒకటే, 500 ఉన్నా ఒకటే. వేరే పేరే లేనప్పుడు కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది? ఇంట్లోవాళ్లు మాత్రం "దోస్త్‌లో మనకు ఇదే వచ్చింది" అనుకుంటారు. నిజానికి అది వచ్చింది కాదు, ఎవరో పెట్టింది. పీఆర్వోల మీద నాకు కోపం లేదు. ఎంతమందిని చేర్పిస్తే అంత ముట్టే ఉద్యోగం వాళ్లది, వాళ్లకూ ఇల్లు గడవాలి. కాకపోతే వాళ్లు చేసేది మీ పని కాదు, కాలేజీ పని.

కాబట్టి చెల్లి ముందుగా నాన్న ఫోన్‌లో దోస్త్ మెసేజ్‌లు వెతకాలి. ఐడీ, పిన్ దొరికితే లాగిన్ అయి, ఆప్షన్లలో ఏమున్నాయో చూసుకోవాలి. గడువు ముగిసేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరగా సేవ్ చేసిందే లెక్క. పిన్ దొరక్కపోయినా, అక్కడ వేరే ఫోన్ నంబర్ ఉన్నా కంగారు పడకండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్లు ఉంటాయి. ఆధార్, ఇంటర్ హాల్ టికెట్ పట్టుకుని చెల్లే స్వయంగా వెళ్లాలి. నువ్వు సెలవు పెట్టి వెళ్లినా ఆమె లేకుండా పని కాదు.

ఒకవేళ ఈ జవాబు చూసేసరికే ఆ కాలేజీలో సీటు కేటాయించి ఉంటే అప్పుడూ దారి ఉంది. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, అంటే ఆ సీటు ఒప్పుకున్నట్టు తెలిపి, ఆ సీటు చేతిలో ఉంచుకోండి, తర్వాతి విడతలో కొత్తగా ఆప్షన్లు పెట్టండి. అక్కడ సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, రాకపోతే పాతది ఉంటుంది. ఇంకో ఓటీపీ ఉంది, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. కాలేజీకి వెళ్లి చేరేటప్పుడు సీటు ఖాయం చేయడానికి చెప్పేది అది. ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పొద్దు. చెల్లి చేరాలనుకున్న కాలేజీ ఆఫీసులో, బల్ల ముందు నిలబడి ఉన్నప్పుడే చెప్పాలి.

ఇక ఒరిజినల్స్. దోస్త్ రిజిస్ట్రేషన్‌కి టెన్త్ మెమో, టీసీ ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు. మన ఇంటర్ బోర్డు పిల్లలకు హాల్ టికెట్ నంబర్ కొడితే మార్కులు అవే వస్తాయి. మరి ఎందుకు తీసుకెళ్లాడంటే, కాగితాలు తమ బీరువాలో ఉంటే పిల్ల వేరే చోటికి పోదని. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింట్ ఒకటి తీసుకుని నువ్వూ నాన్నా కలిసి కాలేజీకి వెళ్లండి. స్కాలర్‌షిప్‌కి కావాలనో బ్యాంకులో అడిగారనో అబద్ధం చెప్పి తెచ్చుకోమని కొందరు సలహా ఇస్తారు. అదేం అక్కర్లేదు. "మా చెల్లి ఇంకా ఎక్కడా చేరలేదు, మా కాగితాలు మాకివ్వండి" అంటే సరిపోతుంది. రేపు మాపు అని తిప్పితే ప్రిన్సిపాల్ పేరిట ఒక అర్జీ రాసి, దాని జిరాక్స్ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. సాధారణంగా ముద్ర అడిగిన రోజే కాగితాలు బయటికొస్తాయి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ జిరాక్స్ పట్టుకుని యూనివర్సిటీకి ఫిర్యాదు చేయండి.

ఇప్పుడు కాలేజీ సంగతికొద్దాం. నీ ఉత్తరంలో పీఆర్వో ఉన్నాడు, మేనమామ ఉన్నాడు, నర్సింగ్ అన్నవాళ్లున్నారు. చెల్లి ఏమంటోందో మాత్రం ఒక్క వాక్యం, అదీ కారణం లేకుండా. నల్గొండ అని ఎందుకంటోందో ఆమెని అడిగావా? స్నేహితురాళ్లు అక్కడ చేరుతున్నారనా, బస్సు నేరుగా ఉందనా, అక్కడ చదివిన సీనియర్ ఎవరైనా బాగుందని చెప్పిందా? ఇవన్నీ మంచి కారణాలే. ఊరి నుంచి మూడేళ్లు రోజూ తిరగాల్సిన పిల్లకి తోడుండటం చిన్న విషయం కాదు. నాకైతే మీ చెల్లి మాటే సబబుగా తోస్తోంది, కానీ మీరు వెళ్లి చూడకుండా ఖాయం చేయొద్దంటాను.

పీఆర్వో చెప్పిన రెండు ఆశల్నీ ఒకసారి గిచ్చి చూద్దాం. బస్సు ఫ్రీ అన్నాడు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు చార్జీ లేదు. నల్గొండ వెళ్లినా ఆమెకు ఫ్రీయే. మీరు చూసుకోవాల్సింది టైమింగ్స్. పొద్దున మీ ఊరి నుంచి బయల్దేరే బస్సు మొదటి క్లాసుకి అందుతుందా, మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అయ్యాక తిరిగొచ్చే బస్సు చీకటి పడకముందు ఉందా? నాన్నకి అసలు భయం ఇదే అయ్యుంటుంది, బయటికి చెప్పకపోయినా.

ఫీజు లేదన్నాడు. ఆ మాటకు అర్థం కాలేజీ మాఫీ చేస్తోందని కాదు, ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద కడుతుందని. బీసీలకు పల్లెల్లో తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి లక్షన్నర, టౌన్లలో రెండు లక్షలు దాటకపోతే అది వర్తిస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి. అయితే బకాయిలు ఏళ్లతరబడి పేరుకుపోవడం, ప్రైవేటు కాలేజీలు బంద్ చేసి ధర్నాలకు దిగడం నువ్వూ వార్తల్లో చూసే ఉంటావు. ఆ బరువు చివరికి పడేది మూడేళ్లు పూర్తయి టీసీ కోసం వచ్చిన పిల్లల మీద: "గవర్నమెంట్ డబ్బు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటారు. అందుకని పీఆర్వోని ఒక్క మాట అడుగు: రీయింబర్స్‌మెంట్ రాకపోతే టీసీ ఇచ్చేటప్పుడు ఎంత కట్టమంటారు? నోటితో కాదు, కాగితం మీద రాసిమ్మను. ఆ కాలేజీలో పోయినేడు డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి మీ చుట్టుపక్కల ఊళ్లలో తప్పకుండా ఉంటుంది, ఆమెని అడిగినా నిజం తెలుస్తుంది. గవర్నమెంట్ కాలేజీలో ఫీజే తక్కువ కాబట్టి ఈ తలనొప్పి అంతగా ఉండదు.

నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి కాలేజీ చూడటానికి వెళ్తే నా కళ్లు మొదట ల్యాబ్ మీదే పడతాయి. బైపీసీ పిల్లకి డిగ్రీ అంటే సగం ల్యాబే. వేసవిలో క్లాసులు జరుగుతూ కనిపించవు, సెలవులో సెమిస్టర్ పరీక్షలో నడుస్తుంటాయి. ల్యాబ్ మాత్రం ఎక్కడికీ పోదు. తలుపు తీయించండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అరగంట వెతికితే అప్పుడే సగం తెలిసిపోయినట్టు. సింక్‌లో కుళాయి తిప్పి చూడండి, నీళ్లొస్తున్నాయా? సీసాల మీద లేబుళ్లు చదవగలిగేలా ఉన్నాయా, లోపల రసాయనం గడ్డకట్టి అడుగున ఎండిపోయిందా? మైక్రోస్కోపులు బీరువాలో బట్ట కప్పుకుని నిద్రపోతున్నాయా, లేక బల్లల మీద వాడిన గుర్తులతో ఉన్నాయా? సెకండియర్ పిల్ల ఎవరైనా దొరికితే ఆమె రికార్డు పుస్తకం అడిగి తేదీలు చూడండి. ఒకే రోజున ఆరు ప్రయోగాలు చేసినట్టుంటే అవి చేసినవి కావు, పరీక్ష ముందు రాత్రి కూర్చుని పక్కదాంట్లో చూసి రాసినవి. ఈ పరీక్ష గవర్నమెంట్ కాలేజీకీ పెట్టండి. గవర్నమెంట్ అనగానే అన్నీ ఉంటాయనీ కాదు, ప్రైవేటు అనగానే ఏమీ ఉండవనీ కాదు. అయితే లెక్చరర్ల విషయంలో తేడా కనిపిస్తుంది. జువాలజీ ఎవరు చెబుతారు, ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు అని రెండు చోట్లా అడగండి. ఏడాదికొకరు మారుతున్నారంటే జీతాలు సరిగ్గా ఇవ్వట్లేదనే అనుకోవచ్చు.

గోడ మీద నాక్ గ్రేడ్ (కాలేజీ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు) ఫ్లెక్సీ ఉంటే కింద ఏడాది చూడండి. సాధారణంగా ఆ గుర్తింపు అయిదేళ్లకే చెల్లుతుంది, ఫ్లెక్సీ మాత్రం చిరిగేదాకా ఉంటుంది. అలాగే చెల్లికి కావలసిన గ్రూపులో సెకండియర్‌లో, ఫైనలియర్‌లో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. మరీ నలుగురైదుగురే చేరితే ఆ కోర్సు నడపకుండా పిల్లల్ని వేరే గ్రూపుకో వేరే కాలేజీకో మార్చేస్తారు.

మేనమామ చెప్పిన కోఠీ కాలేజీకి ఉన్న పేరు ఉత్త పేరు కాదు. 1924 నాటి కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైంది. వెళ్లగలిగితే చాలా మంచిది. ఆ వెళ్లగలగడమే అసలు ప్రశ్న. దోస్త్‌లో వచ్చేది కాలేజీ సీటు, హాస్టల్ సీటు కాదు, దానికి మళ్లీ వేరే ప్రయత్నం. మీ ముగ్గురి రూమ్‌లో ఆమె ఉండలేదు. ప్రైవేటు హాస్టల్ అంటే నెలనెలా ఎంతవుతుందో నీకే బాగా తెలుసు. అందుకని పరువు కోసం కోఠీని మొదటి ఆప్షన్‌గా పెట్టొద్దు. అది వచ్చిందంటే ఆ విడతలో కింద ఉన్న నల్గొండ వైపు సిస్టమ్ చూడనే చూడదు. వసతి సంగతి ముందే తేల్చుకుని, నిజంగా పంపిస్తాం అనుకుంటేనే పైన పెట్టండి. లేదంటే నల్గొండ మహిళా కాలేజీలో చెల్లికి నచ్చిన గ్రూపులు ఒకటి రెండు పెట్టి, దాని కింద నల్గొండలోనే ఇంకో ప్రభుత్వ కాలేజీ, ఆ కింద కావాలంటే ఈ పీఆర్వో కాలేజీ పెట్టుకోండి. ల్యాబ్ బాగుంటే దానికీ చివర్లో చోటివ్వడంలో తప్పులేదు. సెంట్రల్ యూనివర్సిటీల మాట కూడా మేనమామ ఎత్తవచ్చు. వాటికి 2022 నుంచి సీయూఈటీ అనే పరీక్ష ఉంది, దరఖాస్తుల గడువు ఇంటర్ ఫలితాలు రాకముందే అయిపోతుంది.

గ్రూపు విషయంలో తొందరపడకండి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అన్న పేర్లు వినగానే ఉద్యోగం ఖాయం అనిపిస్తుంది. ఆమె టీచర్ కావాలనుకుంటే మాత్రం ముందు టీచర్ పోస్టుల డీఎస్సీ పాత నోటిఫికేషన్ ఒకటి, బీఈడీ ఎంట్రెన్స్ అయిన ఎడ్‌సెట్ నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి, బయాలజీ పోస్టుకి డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలన్నారో చదవండి. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అనే పాత కాంబినేషన్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ, బీఈడీకైనా పీజీ ఎంట్రెన్స్‌కైనా దానితో తలుపులు మూసుకుపోవు. బీఈడీకి డిగ్రీలో 50 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు కొంత సడలింపు ఉంది. చేరాక గ్రూపు నచ్చకపోతే, విడతలన్నీ అయ్యాక అదే కాలేజీలో కోర్సు మార్చుకోవడానికి దోస్త్ ఒక అవకాశం ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట: మీ దగ్గర డిగ్రీ ప్రవేశాలకు ఉన్నత విద్యామండలి వేరే ఆన్‌లైన్ విధానం నడుపుతోంది, 2023లో మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత లెక్క మార్చి, ఒకే సబ్జెక్టు ప్రధానంగా ఉండే సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఈ ఏడాది పద్ధతి ఏమిటో నోటిఫికేషన్ చదివే దిగండి.

బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ దోస్త్‌లో ఉండవు. బీఎస్సీ నర్సింగ్‌కి వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, బీఫార్మసీకి ఎప్‌సెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు కావాలి. చెల్లి ఎప్‌సెట్ రాసి ఉంటే బైపీసీ కౌన్సెలింగ్ డిగ్రీ ప్రవేశాల కంటే ఆలస్యంగా జరుగుతుంది, అంతదాకా డిగ్రీ సీటు వదులుకోవద్దు. మధ్యలో మానేసి వెళ్లాల్సి వస్తే, కట్టిన ఫీజులో ఎంత తిరిగివ్వాలో ఆ 2018 నోటిఫికేషనే చెబుతుంది: ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు అంతకంటే ముందు వదులుకుంటే దాదాపు మొత్తం, ఆ తేదీ దాటి నెల గడిస్తే సున్నా. ఇక నర్సింగ్ చేయాలన్న ఇష్టం ఆమెకుంటే సరే. డిగ్రీతో ఏమొస్తుందన్న పక్కింటివాళ్ల మాటకు భయపడి మాత్రం వద్దు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు అడిగేది ఏదో ఒక డిగ్రీనే.

కాగితాల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైంది పేరు. టెన్త్ మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో మార్పించండి, మెమోని ముట్టుకోవద్దు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో పెట్టేటప్పుడు రెండూ ఒకటి కాకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, కాబట్టి ఆపరేటర్ కొట్టిన అక్షరాలు స్క్రీన్ మీద చూసుకుని ఒప్పుకోండి. ఆ ఆధార్ సెంటర్‌లోనే చెల్లి సొంత నంబర్ కూడా లింక్ చేయించండి. నాన్న పొలంలో ఉంటే, ఫోన్ ఇంట్లో మోగుతుంటే, ఓటీపీ టైమ్ అయిపోతుంది. ఫోన్ ఆమె చేతిలో ఉంటే పీఆర్వోకి చెప్పాలా వద్దా అన్నదీ ఆమెకే వదిలేయచ్చు.

ఆదాయ ధ్రువపత్రం పాతది పనికిరాదు. ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదే కావాలి, మీసేవలో ఇవాళే దరఖాస్తు చేయండి. రద్దీ మొదలైతే తహసీల్దారు ఆఫీసులో రోజులు పడుతుంది. కుల ధ్రువపత్రం మీసేవ నంబర్ ఉన్నది ఇదివరకే ఉంటే చాలు. చెల్లి పేరుతో బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింక్, చదివినట్టు స్కూలు, కాలేజీ ఇచ్చే బోనఫైడ్లు, ఫోటోలు సిద్ధం చేసుకోండి. ఎన్‌సీసీ, స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఏదైనా ఉంటే రిజిస్ట్రేషన్‌లోనే చూపించాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు.

చేరే రోజున అన్నిటినీ ముందే రంగుల్లో స్కాన్ చేసి నీ ఫోన్‌లో, చెల్లి ఫోన్‌లో పెట్టుకోండి, రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. టీసీ మాత్రం చేరేటప్పుడు కాలేజీలు అడిగి తీసుకుంటాయి, ఇస్తే ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. టెన్త్ మెమో చూసి వెనక్కి ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దని చెల్లికి చెప్పు.